చిట్టి పిచ్చుక గూడు: ఒకే ముక్కలోనా, పైకప్పు వేరుగానా?

లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద, వేలాడదీసే అలంకారంగా కోడిగుడ్డంత పిచ్చుక గూడు చేయాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది చెక్క రంగో, పాలిష్షో కాదు. గోడనూ పైకప్పునూ ఒకే ముక్కలోంచి తీయాలా, రెండూ విడిగా చేసి అతికించాలా అన్నది. మిగతా పనంతా దీన్ని బట్టే నడుస్తుంది. రెండు రకాలుగానూ చేశాను. నా ఓటు పైకప్పు వేరుగా చేయడానికే. అలాగని ఒకే ముక్క పద్ధతిని తీసిపారేయను.

ఒకే ముక్కలో చేయడానికి చక్ (ముక్కను ఒక కొసన దవడలతో పట్టుకునే బిగింపు) కూడా అక్కర్లేదు. 50 మి.మీ. చదరపు ముక్కను లేత్ రెండు మొనల మధ్య బిగిస్తే చాలు, దాదాపు చివరి దాకా రెండు వైపులా ఆసరా ఉంటుంది. కొలతలు ఒకదానికొకటి సరిపోవాలన్న టెన్షన్ లేదు. చెక్క గీతలు గోడ మీద మొదలై తెగకుండా పైకప్పు కొస దాకా పాకుతాయి. మంచి గీతలున్న చెక్క దొరికినప్పుడు ఆ అందం అతుకు పెట్టిన గూటికి రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి రెండు మూడు గూళ్ళు ఇలాగే చేయడం మంచిది.

చిక్కంతా చూరు కింద ఉంది. పైకప్పు గోడను దాటి నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి రావాలి, దాని నీడ గోడ మీద పడాలి. ఆ నీడ గీత లేకపోతే అది గూడులా కాదు, బొంగరంలా కనిపిస్తుంది. ఒకే ముక్కలో ఆ చూరు అడుగును చెక్కాలంటే ఉలి మొన గోడకీ చూరుకీ మధ్య ఇరుకు మూలలోకి వెళ్ళాలి. చెక్క నార లేత్ ఇరుసు వెంబడే ఉంటుంది కాబట్టి చూరు అడుగున మనకు తగిలేది నార కొసలు. ఉలి పదును కాస్త తగ్గినా అవి తెగవు, చిరుగుతాయి. స్క్యూ ఉలి (అంచు ఏటవాలుగా ఉండే ఉలి) పొడవాటి మొనతో, బయటి అంచు నుంచి లోపలికి సన్నగా కోసుకుంటూ వస్తేనే నునుపు వస్తుంది. చేయి కొంచెం తిరిగి మొన కాకుండా అంచు తగిలిందా, ఉలి ఒక్కసారిగా చెక్కలోకి లాక్కుపోతుంది. అలా అంతా బాగా వచ్చిన గూడు ఒకటి చివరి కోతలో చూరు ఎగిరిపోయి నా చేతిలో పాడైంది. ఉప్పు కాగితం కూడా ఆ మూలలోకి సరిగా వెళ్ళదు. మడిచి దూరిస్తే మూల పదును పోయి మొద్దుబారుతుంది.

పైకప్పు విడిగా ఉంటే ఇదంతా పోతుంది. దాని అడుగు భాగం పూర్తిగా మన ఎదుట ఉంటుంది. గౌజ్ (గాడిలా వంపున్న ఉలి)తో పళ్ళెంలా కాస్త లోపలికి తొలిచి, 150 నంబరు నుంచి 400 దాకా వరసగా ఉప్పు కాగితం పట్టి, పాలిష్ కూడా అక్కడే పెట్టేయొచ్చు. గోడ లేత రంగులో, పైకప్పు ముదురు రంగులో ఉండాలంటే రంగులు పూసే పనే లేదు, రెండు రకాల చెక్క వాడితే సరి. ఒక జాగ్రత్త మాత్రం రెండు పద్ధతులకూ ఒకటే: చూరును మరీ పల్చన చేయకండి. బయటికొచ్చిన ఆ అంచులో నార పొడవు అంచు మందమంతే, అందుకే కింద పడితే పెచ్చులా ఊడుతుంది. నేను 3 మి.మీ. కంటే తగ్గించను.

రెండు ముక్కల్లో ఇంకో లాభం, గూడు లోపల బోలుగా చేయొచ్చు. టెయిల్‌స్టాక్‌లో (లేత్ రెండో కొసన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) 25 మి.మీ. ఫోర్స్‌నర్ బిట్ (అడుగు చదునుగా ఉండే కన్నం తొలిచే డ్రిల్లు బిట్) పెట్టి, వేగం బాగా తగ్గించి 38 మి.మీ. లోతు తొలిస్తే సుమారు 19 ఘనపు సెంటీమీటర్ల చెక్క పోతుంది. గట్టి చెక్కలో అది 13 గ్రాముల దాకా ఉంటుంది. సన్నని కొమ్మకు వేలాడదీసే వస్తువుకు అది చిన్న తేడా కాదు. బోలు చేయని ఒకే ముక్కలోనైతే గూటి ముందువైపు కన్నాన్ని 15 మి.మీ. లోతు తొలిచి లోపల నల్లరంగు వేస్తే దూరం నుంచి బోలుగానే కనిపిస్తుంది. చేతిలోకి తీసుకున్నప్పుడు బరువు నిజం చెప్పేస్తుంది.

ఏ పద్ధతైనా ముందువైపు కన్నాన్నీ, దాని కింద పుల్ల దూర్చే చిన్న బెజ్జాన్నీ చెక్క ఇంకా చదరంగా ఉన్నప్పుడే వేసేయాలి. గుండ్రం చేశాక డ్రిల్లు మొన నిలవదు, పక్కకు జారుతుంది.

అతుకు ఊడిపోదా అని చాలామంది అడుగుతారు. పైకప్పు అడుగున చిన్న కుసి తీసి గోడ బోలులోకి దించుతాం కదా, ఆ కుసి చుట్టూ, బోలు చుట్టూ ఉన్నది నార పక్క భాగం. జిగురు బాగా పట్టేది అక్కడే. కొసకు కొస అతికిస్తే బలం ఉండదు, ఇక్కడ ఆ అతుకు మీద ఆధారపడటం లేదు. కుసి వేలితో నొక్కితే దిగేలా ఉండాలి. బిగుతుగా ఉంటే తెల్ల జిగురు తడికి చెక్క ఉబ్బి సగంలోనే పట్టేస్తుంది. పాలిష్ పెట్టేటప్పుడు కుసికి అంటనివ్వకండి, దాని మీద జిగురు నిలవదు.

గూడు అడుగున వేలాడే సన్నని కాడ కావాలంటే దాన్ని మూడో ముక్కగా చేయడమే నయం. గోడతో కలిపి చేస్తే బరువైన గూడు సన్నని కాడ చివర ఊగుతూ తిరుగుతుంది, ఉలి తగలగానే వణుకుతుంది. చిన్న బొడిపె సరిపోతుందంటే కలిపే తీయండి.

గీతలు అందంగా ఉన్న ఒక్క ముక్కే చేతిలో ఉంటే, లేదా లేత్‌కు చక్ లేకపోతే ఒకే ముక్కలో చేయండి, చూరు కింద మాత్రం తొందరపడొద్దు. మిగతా అన్ని వేళల్లోనూ పైకప్పు వేరుగానే. అతికించేటప్పుడు రెండు ముక్కల గీతలూ ఒకే వైపు ఉండేలా తిప్పి చూసుకుని దించండి. లోపలి గాలి ముందు కన్నంలోంచి పోతుంది కాబట్టి పైకప్పు ఎదురు తన్నదు. గూడు చక్‌లో ఉండగానే టెయిల్‌స్టాక్‌తో మెల్లగా అదిమి, జిగురు పట్టేదాకా అలాగే వదిలేయండి.