కోటలో హెరిటేజ్ వాక్: టామీకి అరగంట, మనవాళ్ళకి సున్నా

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావని వెంటేసుకుని చెన్నై సెయింట్ జార్జ్ కోటలో ఒక వాక్‌కి వెళ్ళొచ్చా, టాపిక్ పాతకాలం సిపాయిల నిక్‌నేమ్‌లు, ఇదేదో కొత్తగా ఉందే అని డబ్బులు కట్టేశా. నడిపినవాళ్ళ పేరు మాత్రం రాయను.

గైడ్ మంచి మాటకారి. ఇంగ్లీషు సిపాయిని టామీ అని ఎందుకంటారంటే, సైన్యం ఫారాలు ఎలా నింపాలో చూపించే నమూనాలో థామస్ అట్కిన్స్ అనే పేరు ఉండేదట, మన లెక్కల పుస్తకాల్లో రాము సోము ఉన్నట్టు. ఫ్రెంచి సిపాయి ప్వాలూ, అంటే బొచ్చోడు. ఇలా టామీ చుట్టూనే అరగంట తిప్పాడు, మైక్ లేదు, వెనకున్నవాళ్ళకి సగం వినపడలేదు.

హైలైట్ మల్స్ కథ. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసే దొరల్ని మల్స్ అనేవాళ్ళట, మల్లిగటానీ సూప్ నుంచి వచ్చిన పేరు, అది తమిళంలో మిళగు తణ్ణి, అంటే మన మిరియాల చారే! బొంబాయి వాళ్ళేమో డక్స్. "అయితే ఇక్కడి దొరలు చారుగాళ్ళన్నమాట" అని మా బావ గట్టిగా అనేశాడు, పక్కనున్న తెలుగువాళ్ళు పడీపడీ నవ్వారు.

నాకు మండింది ఎక్కడంటే, సెయింట్ మేరీస్ చర్చి ముందు నిలబెట్టి 1753లో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ పెళ్ళి ఇక్కడే అయిందని అంతసేపు చెప్పాడే, ఆ క్లైవే తర్వాత మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిల గురించి ఒక్క ముక్క లేదు. తెలుగు దేశం వైపు నుంచి వచ్చినవాళ్ళని అక్కడ తెలింగాలు అన్నారు, పోనుపోను ఇంగ్లీషు డ్రెస్సూ డ్రిల్లూ ఉన్న ప్రతి సిపాయీ తెలింగాయే అయిపోయాడు, 1857లో ఢిల్లీలో తిరగబడ్డవాళ్ళని కూడా తిలంగాలనే అన్నారు, వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ వైపు వాళ్ళు, తెలుగు అక్షరం ముక్క రానివాళ్ళు! మన భాష పేరు సిపాయి అనే మాటకే మారుపేరైతే, కోట నడిబొడ్డున నిలబడి ఆ మాట ఎత్తకపోతే ఎలా? అడిగితే "టైమ్ అయిపోయింది సార్" అన్నాడు. టీ ఇస్తామన్నారు, అదీ లేదు.

5కి 3 ఇస్తా, అందులో ఒకటి ఆ చారు కథ కోసమే. వెళ్ళేవాళ్ళు ఐడీ కార్డు పట్టుకెళ్ళండి, లోపల సెక్రటేరియట్ ఉంది కదా, గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది. మ్యూజియం కూడా చూద్దామనుకుంటే శుక్రవారం మాత్రం వద్దు, సెలవు.