స్టూడెంట్ గ్రేడ్ ఆయిల్ రంగులు: పదకొండు మంది ఉన్న బొమ్మ మీద ఏడాది వాడాక

ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఉండేది కోనసీమలో, కాలువ పక్క పెంకుటింట్లో. రవివర్మ ‘గెలాక్సీ ఆఫ్ మ్యుజిషియన్స్’ని నాలుగడుగుల కాన్వాస్ మీద కాపీ చేద్దామని స్టూడెంట్ గ్రేడ్ (నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవక రకం) ట్యూబులు, లిన్సీడ్ (అవిసె) నూనె, రెడీమేడ్ కాటన్ కాన్వాస్ కొన్నాను. ఏడాది దాటింది. అసలు చిత్రం మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంది. పదకొండు మంది ఆడవాళ్లు, పదకొండు రకాల కట్టు.

అన్నిట్లో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుకే నా ఓటు. అందులోని మాంగనీస్ వల్ల త్వరగా ఆరుతుంది. టర్పెంటైన్‌తో పల్చగా చేసి అందరి వెలుగునీడలూ ముందు దీనితోనే వేశాను. ముసురులో కూడా టెన్షన్ పెట్టలేదు. చవక ట్యూబైనా నీడలకు ఇది చాలు.

టైటానియం వైట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఎంతకీ ఆరదు. ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు కదా, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. అయితే ఇంతమంది ఉన్న బొమ్మకి ఆ నిదానమే కలిసొచ్చింది. ఒకరి చీర ఆరేలోపు ఇంకొకరి ముఖం పట్టుకోవచ్చు. చెంప అంచుని మర్నాడు కూడా మెత్తగా కలపొచ్చు. త్వరగా ఆరిపోయే అక్రిలిక్‌తో ఆ సుఖం లేదు. పై పొరలకు వెళ్లేకొద్దీ నూనె కాస్త పెంచాలి, లేదంటే తర్వాత పగుళ్లొస్తాయి.

నచ్చనివి ఎరుపులు. పేరు పక్కన ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) బదులు వేరేవి వాడారని అర్థం. నా ట్యూబులో తెలుపు కలిపితే పట్టుచీర రంగు కాస్తా వెలిసిన లంగా రంగైంది. డబ్బులుంటే ఆర్టిస్ట్ గ్రేడ్‌లో ఒక మంచి ఎరుపు, ఒక తెలుపు కొనండి. మిగతావి ఇవే చాలు.

కాన్వాస్ పర్వాలేదు. వానాకాలంలో వదులవుతుంది, ఫ్రేము మూలల్లో చెక్క చీలలు బిగించాలి. గోడకి ఆనించి పెడితే వెనక బూజు ఖాయం, మా వైపు ఇది మరీ ఎక్కువ. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండ చుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఈ మాట ఏ ట్యూబు మీదా పెద్దక్షరాల్లో ఉండదు.

గుంపుని ఎలా కూర్చాలో ప్రింట్ చూసి పూర్తిగా తెలియదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 1925లో ముప్పై ఏళ్లైనా నిండకుండా పోయిన ఆ చిత్రకారుడు, మనుషుల్ని పక్కపక్కన ఎలా నిలబెట్టాడో దగ్గర్నుంచి చూడొచ్చు.

వార్నిష్ ఇంకా వేయలేదు. తెల్లచీర దగ్గర రంగు మందంగా ఉంది, ఇంకొన్ని నెలలు ఆగాలి.