బ్యారేజ్ లేజర్: గట్టు అన్నివైపులా పడిందా?

కంటి ఆసుపత్రి కాగితం మీద ‘బ్యారేజ్ లేజర్’ అని రాసిస్తే, బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా ఒడిశాలోని మనవాళ్ళకి ముందు వచ్చే అనుమానం ఒకటే: ఇది ఏ లేజరు? అనుమానం సబబే. కళ్ళద్దాలు తీసేయడానికి చేసే లేజరు వేరు. శుక్లం ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు లెన్సు వెనక పొర మసకబారితే కొట్టే యాగ్ లేజరు వేరు. షుగరుతో రెటీనా (కంటి వెనక గోడన చూపుని పట్టే పొర) పాడైనవాళ్ళకు వందల లేజరు చుక్కలు చల్లేది ఇదే యంత్రమైనా ఆ పని వేరు. బ్యారేజ్ లేజర్ చేసేదల్లా రెటీనాలో పడ్డ రంధ్రం లేదా చిరుగు చుట్టూ కాల్చి, ఆ పొరను దాని కింది పొరకు అతికించడం. రంధ్రం పూడదు, అలాగే ఉంటుంది. దాని గుండా నీరు వెనక్కి చేరినా ముందుకు పాకకుండా చుట్టూ గట్టు పడుతుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ చూసినవాళ్ళు పేరు మరిచిపోరు. వంశధార కరకట్టలు తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. గట్టు ఎంత పొడవు వేశారో ఎవరూ అడగరు, గండి ఎక్కడుందో చూస్తారు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మెరుపులతో వచ్చిన కొత్త గుర్రపునాడా ఆకారపు చిరుగుకి, సకాలంలో, చుట్టూ పూర్తిగా చేస్తే ఐదుకి నాలుగున్నర మార్కులు. ఏ బాధా లేని చిన్న గుండ్రటి రంధ్రానికి ‘ముందుజాగ్రత్త’ అని చేస్తే రెండు ఇవ్వడానికీ చెయ్యి రాదు. రెండింటికీ బిల్లు మీద పేరు ఒకటే కావడమే చిక్కు.

కంటి లోపల సుమారు 4 మిల్లీలీటర్ల జెల్లీ ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అది నీరై, ముడుచుకుని రెటీనా నుంచి విడివడుతుంది. 50, 60 దాటినవాళ్ళలో ఇది మామూలే. మైనస్ పవరు ఎక్కువున్నవాళ్ళకు, శుక్లం తీయించుకున్నవాళ్ళకు ఇంకా ముందే వస్తుంది. విడివడేటప్పుడు ఎక్కడో ఒకచోట గట్టిగా అంటుకుని ఉంటే అక్కడ రెటీనా చిరుగుతుంది. ఆ లాగుడే చీకట్లో కన్ను తిప్పితే పక్కన మెరుపులా కనిపిస్తుంది. కొత్తగా దోమలు, సాలెగూడు పోగులు, ఒక పెద్ద ఉంగరం లాంటి నీడ తేలుతాయి. మసి చల్లినట్టు సన్నటి చుక్కలు జల్లుగా వస్తే లోపల నెత్తురు పడిందని అర్థం. ఇలా కొత్తగా మెరుపులు, చుక్కలతో వచ్చినవాళ్ళలో దాదాపు ఏడుగురిలో ఒకరికి చిరుగు దొరుకుతుంది. నెత్తురు కూడా ఉంటే మూడింట రెండు వంతుల మందికి దొరుకుతుంది. లాగుడు మిగిలున్న అలాంటి కొత్త చిరుగుల్ని వదిలేస్తే కనీసం సగం కళ్ళలో రెటీనా ఊడిపోతుంది. సరిగ్గా లేజరు పడితే ఆ ముప్పు వందకి ఐదు కన్నా తక్కువకి దిగుతుంది. పావుగంట పనికి ఇంత ఫలితమిచ్చే చికిత్స కంటి వైద్యంలో అరుదు.

మందుల షాపులో చుక్కల సీసా కొనుక్కుని వారం చూద్దామనుకునేది ఇక్కడే. ఈ జబ్బుకు పనిచేసే చుక్కల మందు లేదు. మెరుపులు కొత్తగా మొదలైతే ఆ రోజో మర్నాడో చూపించుకోవాలి. పక్కనుంచి నీడ తెరలా దిగుతుంటే అప్పటికే ఊడడం మొదలైనట్టే. ఇక ఆగకూడదు.

ఆసుపత్రి మంచిచెడ్డలు లేజరు గదికన్నా ముందు, చూసే గదిలోనే తేలిపోతాయి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు రెండు మూడు సార్లు వేసి, అరగంట నుంచి ముప్పావుగంట కూర్చోబెట్టాలి. తర్వాత డాక్టరు తలకి దీపం ఉన్న పట్టీ కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, మిమ్మల్ని పడుకోబెట్టి, రెప్ప మీంచి చిన్న లోహపు పుల్లతో కన్ను మెల్లగా నొక్కుతూ గడియారం ముల్లులా చుట్టూ చూడాలి. చిరుగులు ఎక్కువగా రెటీనా అంచున పడతాయి కాబట్టి నొక్కితే తప్ప ఆ అంచు ఎదురుగా రాదు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, అది లేకపోతే పరీక్ష సగమే. వెడల్పు ఫోటో తీసే ఖరీదైన యంత్రం ఉన్నా దీనికి బదులు కాదు. ఫోటోలో అంచు తప్పిపోతుంది. నెత్తురు అడ్డొచ్చి లోపల కనబడకపోతే బి-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) చేసి, నెత్తురు తేలేదాకా కొద్ది రోజులకోసారి మళ్ళీ చూడాలి. బాధలేని రెండో కన్నూ చూడాలి. ఆ మాటే ఎత్తని చోటికి మేం ఎవరినీ పంపం.

చూశాక గుండ్రటి బొమ్మ ఒకటి గీస్తారు, గడియారం అంకెలతో. చిరుగు ఏ గంట దగ్గర ఉందో అందులో తెలుస్తుంది. పై భాగంలో, చెవి వైపున పడేవి ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. నీరు కిందికి జారుతుంది కాబట్టి పైన పడ్డ చిరుగు మధ్య చూపుని త్వరగా ముంచుతుంది. ఆ బొమ్మ నకలు అడిగి తీసుకోండి. రేపు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో వేరే డాక్టరుకు చూపించాల్సి వస్తే పది పేజీల రిపోర్టుకన్నా అది పనికొస్తుంది. ఒడియా, తెలుగు, ఇంగ్లిషు తేడా కూడా బొమ్మకి లేదు.

లేజరు రెండు పద్ధతుల్లో చేస్తారు. ఒకటి కూర్చోబెట్టి, మైక్రోస్కోపు ముందు గడ్డం పెట్టించి, తిమ్మిరి చుక్కలు వేసి, జెల్ పూసిన కాంటాక్టు లెన్సు కంటికి ఆనించి కొట్టడం. రెండోది పడుకోబెట్టి, తల పట్టీకి అమర్చిన లేజరుతో కంటిని నొక్కుతూ కొట్టడం. అంచుకి కాస్త లోపలగా ఉన్న రంధ్రానికి మొదటిది చాలు. అంచున ఉన్న చిరుగుకి రెండోదే నమ్మకం. చాలా చోట్ల వాడేది 532 నానోమీటర్ల పచ్చ లేజరు. ఒక్కో లేజరు చుక్క 200 నుంచి 500 మైక్రాన్లు, 0.1 నుంచి 0.2 సెకను. పవరు 150, 200 మిల్లీవాట్లతో మొదలుపెట్టి రెటీనా బూడిద తెలుపు రంగుకి తిరిగేదాకా పెంచుతారు. మన కళ్ళలో రంగు ఎక్కువ కాబట్టి తక్కువ పవరుకే పట్టుకుంటుంది. శుక్లం ముదిరి ఉంటే ఎక్కువ కావాలి. సుద్దలా తెల్లగా కాల్చడం గొప్పేమీ కాదు, అక్కడ రెటీనా పలచబడి కొత్త రంధ్రమో నెత్తురో రావచ్చు. ఒకదాన్నొకటి దాదాపు తాకుతూ మూడు నాలుగు వరసలు చుట్టూ వెయ్యాలి. చిన్న రంధ్రానికి నూట యాభై చుక్కలు, పెద్ద చిరుగుకి నాలుగైదు వందలు పడితే ఆశ్చర్యపోకండి.

నొప్పి గురించి అబద్ధం చెప్పకూడదు. చాలాచోట్ల చురుక్కుమంటుంది, అంతే. కానీ గడియారంలో 3, 9 అంకెల దగ్గర నరాలు పోతాయి కాబట్టి అక్కడ సూది దింపినట్టు ఉంటుంది. ఆ క్షణంలో తల వెనక్కి లాగితే చుక్క తప్పి పడుతుంది. ముందే చెప్పి ఆపమంటే డాక్టర్లు ఆపుతారు, అవసరమైతే కంటి పక్కన తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. అయ్యాక కాసేపు ఆ కంటికి చీకటిగా, రంగు మారినట్టు కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో తేరుకుంటుంది.

వెలుగుతో కాల్చి బాగుచేయాలన్న ఆలోచన 1945 సూర్యగ్రహణాన్ని సూటిగా చూసి కళ్ళు కాలినవాళ్ళను పరీక్షించాక మేయర్-ష్విక్కెరాత్ అనే జర్మన్ డాక్టరుకి తట్టింది. లేజరు పుట్టింది 1960లో. అంతకు ముందు ఆయన సూర్యకాంతితో, ఆర్క్ దీపాలతో ఇదే పని చేశాడు. గ్రహణం రోజున పెద్దవాళ్ళు పిల్లల్ని లోపలికి తోలడం వెనక ఇంత శాస్త్రముంది.

లేజరు ఎక్కడ విఫలమవుతుంది? ఎక్కువగా ముందు అంచున. గుర్రపునాడా చిరుగుకి రెండు కొసలు కంటి ముందు భాగం వైపుంటాయి. జెల్లీ ఇంకా పట్టుకుని లాగేది అక్కడే, లేజరు అందడం కష్టమయ్యేదీ అక్కడే. వెనకా పక్కలా చక్కగా వేసి ముందు వదిలేస్తే చిరుగు ఆ కొసల నుంచే సాగి, నీరు అటు నుంచి దిగిపోతుంది. చుట్టూ వెయ్యలేకపోతే రెండు పక్కల వరసల్నీ రెటీనా చివరి అంచుదాకా తీసుకెళ్ళి ముగించాలి. అదీ కుదరకపోతే బయట నుంచి చలితో గడ్డకట్టించే క్రయో చెయ్యాలి. కాబట్టి లేచి వచ్చేముందు ఒక్క మాట అడగండి: “డాక్టరుగారూ, ముందు వైపు కూడా మూసుకుందాండీ?” సగం వేసి మిగతాది రేపన్నా తప్పులేదు, రేపు నిజంగా వేస్తే.

రెండో తప్పు నీటి మీద కాల్చడం. చిరుగు చుట్టూ అప్పటికే నీరు చేరితే ఆ మేర లేజరు పట్టదు, తెల్లబడదు. నీరు లేని చోట, దాని బయట గట్టు వెయ్యాలి. నీరు మరీ వ్యాపిస్తే అది లేజరుకి మించిన పని. ఇంకోటి, చుట్టూ వేసినా గట్టు అప్పటికప్పుడు గట్టిపడదు. ఒక రోజులో అతకడం మొదలై, పది పద్నాలుగు రోజులకు పట్టు వస్తుంది. అందుకే రెండు వారాలు బరువులు, దెబ్బ తగిలే ఆటలు వద్దంటారు. కోత లేదు కాబట్టి మర్నాడే తలస్నానం చెయ్యొచ్చు, టీవీ చూడొచ్చు, చదవొచ్చు, వంట చేసుకోవచ్చు. పచ్చకట్టు, పత్యం అక్కర్లేదు. గుండెకి ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు ఈ లేజరు కోసం సొంతంగా మానేయకూడదు.

లేజరు చెయ్యనివి కూడా తెలుసుకోవాలి. దోమలు పోవు. మెరుపులు కొన్ని వారాలు ఉండొచ్చు, లాగుడు అలాగే ఉంది మరి. చూపు పెరగదు. వేరే చోట కొత్త చిరుగు పడకుండా ఆపదు. ఒక చిరుగు పడినవాళ్ళలో వందకి 5 నుంచి 14 మందికి తర్వాత మరొకటి దొరుకుతుంది. అందుకే ఒకటి రెండు వారాలకు, మళ్ళీ నాలుగు నుంచి ఆరు వారాలకు, మూడు నుంచి ఆరు నెలలకు, ఆపైన ఏడాదికోసారి చూపించుకోవాలి. మొదటిసారి చిరుగేమీ లేదని పంపేసినా, నెలా నెలన్నరలో మరోసారి చూపించుకోవడం మంచిది. అలాంటివాళ్ళలో వందకి ఇద్దరికి ఆలస్యంగా కనిపిస్తుంది.

ఇక ఆ రెండు మార్కుల సంగతి. రెటీనాలో లాటిస్ అనే పలచబడ్డ పట్టీ జనాభాలో వందకి ఆరు నుంచి ఎనిమిది మందికి ఉంటుంది. అందులో చిన్న గుండ్రటి రంధ్రాలూ మామూలే. మెరుపులు లేకుండా, రెండో కంట్లో రెటీనా ఊడిన చరిత్ర లేకుండా కనిపించిన వీటికి చాలావరకు ఏమీ చెయ్యక్కర్లేదు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. కళ్ళద్దాలు తీయించుకుందామని వెళ్ళిన పాతికేళ్ళ పిల్లలకు రెండు కళ్ళకూ బ్యారేజ్ చెయ్యాలని తొందరపెడితే, ఎందుకో అడిగి, మరో రెటీనా డాక్టరు మాట కూడా వినండి. చిరుగు కొత్తదైతే మాత్రం రెండో మాట కోసం తిరగకండి.

మన జిల్లాల్లో అసలు కష్టం దూరం. బరంపురం ప్రధాన రైలు మార్గం మీద ఉంది కాబట్టి ఇటు భువనేశ్వర్, అటు విశాఖ రెండూ అందుతాయి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి రెండు ఊళ్ళలోనూ పెద్ద కేంద్రాలున్నాయి, రాయగడలో చిన్న కేంద్రముంది. చిన్న ఊళ్ళలో రెటీనా డాక్టరు కొన్ని రోజులే వస్తారు కాబట్టి బస్సెక్కేముందు ఫోన్ చేసి మూడు అడగండి: రెటీనా డాక్టరు ఇవాళ ఉన్నారా, పచ్చ లేజరు పనిచేస్తోందా, పడుకోబెట్టి చేసే ఇండైరెక్ట్ లేజరు ఉందా. కంటిపాపను పెద్దది చేసే చుక్కల ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, బండి నడపలేరు. తోడు మనిషి, నల్లద్దాలు కావాలి. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఆంధ్రలో నివాసమున్నవాళ్ళకే. ఒడిశావాళ్ళకు 2025 నుంచి అమలైన ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, అయితే ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో, ఈ లేజరు ప్యాకేజీలోకి వస్తుందో లేదో కౌంటర్లో ముందే తేల్చుకోవాలి.

లేజరు ఒక్కటే అయితే ఏ ఘాటీ ఎక్కినా ఇబ్బంది లేదు. ఆలస్యమై రెటీనా ఊడి, ఆపరేషన్లో కంటిలో గ్యాసు నింపితే మాత్రం కథ మారుతుంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఆ గ్యాసు ఉబ్బుతుంది, కంటి ప్రెషరు పెరిగి నరం దెబ్బతింటుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో ఆపరేషన్ చేయించుకుని మర్నాడే సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కితే అదే జరుగుతుంది. ఎస్‌ఎఫ్6 గ్యాసైతే దాదాపు రెండు వారాలు, సి3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు కంటిలో ఉంటుంది. డాక్టరు గ్యాసు పోయిందనేదాకా కోరాపుట్, జయపురం వాళ్ళు విజయనగరంలోనో బొబ్బిలిలోనో చుట్టాలింట్లో ఆగాల్సిందే. ఈ మాట డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. మీ ఊరు కొండ మీద ఉందని ముందుగా వాళ్ళకు మీరే చెప్పాలి.