గుర్రపుశాలలో భోజనం: బిల్ట్‌మోర్ స్టేబుల్ కెఫే

మా తాతయ్య తెనాలిలో జట్కా తోలేవారు. అందుకేనేమో, అమెరికాలో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో బిల్ట్‌మోర్ ఎస్టేట్‌కి వెళ్తే 250 గదుల భవనం కన్నా, దాని ఉత్తరం పక్కనే ఉన్న గుర్రపుశాల నాకు ఎక్కువ నచ్చింది.

ఆ భవనం జార్జ్ వాండర్‌బిల్ట్ అనే సంపన్నుడి కోసం వాస్తుశిల్పి రిచర్డ్ మారిస్ హంట్ రూపొందించిన ఇల్లు; 1895లో పూర్తయింది. గుర్రపుశాలేమో గుర్రాలకూ బగ్గీలకూ కలిపి దాదాపు 12,000 చదరపు అడుగులు! గుర్రపుశాలే కదా అని పనిలో ఎక్కడా తగ్గలేదు. భవనానికి ఉన్న నిటారు కప్పే దీనికీ వేశారు. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. పనివాళ్ల బస కూడా ఇందులోనే.

ఇప్పుడు ఇక్కడ కెఫే నడుపుతున్నారు. ఒకప్పటి గుర్రాల గదుల్లోనే బల్లలు వేశారు. మేం నలుగురం ఒక గదిలో సర్దుకుని కూర్చున్నాం. ఒక్క గుర్రానికి ఇంత చోటు! తాతయ్య గుర్రం పెరట్లో తాటాకు పాకలో ఉండేది. పక్కనున్న చెక్క అడ్డుగోడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయాను.

వెళ్తే వాకిట్లో కాకుండా లోపలి గదిలోనే చోటు అడగండి.