ఫాల్గుణానికే మల్లె పూయాలంటే ఏ వైపు బాల్కనీ మేలు?

గుండుమల్లె కొత్త చిగురు చివర్లలోనే మొగ్గ తొడుగుతుంది. మార్చి మొదట్లో పూలు కావాలంటే ఆ చిగుళ్లు జనవరిలో రావాలి. అప్పుడేమో హైదరాబాద్‌లో పగటి నిడివి 11 గంటల కన్నా కాస్త ఎక్కువ, జూన్‌లోలా 13 గంటలు కాదు; పొద్దు కూడా దక్షిణానికి ఒరిగి ఉంటుంది. అందుకే వేసవిలో ఎండ బాగా తగిలే చోటు చూసి కుండీ పెడితే లెక్క తప్పుతుంది.

ముందస్తు పూతకు దక్షిణమే మేలు. సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు పొద్దు పొడిచింది మొదలు గుంకే దాకా దక్షిణం వైపే ఉంటాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం ఎండ 49 డిగ్రీల ఏటవాలులో పడుతుంది కాబట్టి, పదడుగుల ఎత్తులో శ్లాబు ఉన్నా లోపలి గోడ దాకా వస్తుంది. చిక్కు పిట్టగోడతో. అది మూడడుగుల ఎత్తుంటే దాని వెనక రెండున్నర అడుగుల నేల మధ్యాహ్నం కూడా నీడే. చాలామంది కుండీ పెట్టేది సరిగ్గా అక్కడే! లోపలి గోడకు ఆనించండి, లేదా స్టూలు వేసి ఎత్తు పెంచండి. మార్చి వచ్చేసరికి ఎండ లోపలి గోడ వదిలి పిట్టగోడ వైపు జరుగుతుంది, కుండీ కూడా దాని వెంట జరగాలి. ఏప్రిల్ చివరికి మధ్యాహ్నపు ఎండ శ్లాబు దాటి అడుగు కూడా లోపలికి రాదు. పొద్దు ఉత్తరానికి ఒరిగి పొడుస్తుంది గనక ఉదయపు ఎండా పోతుంది. అప్పుడు కుండీని మేడ మీదికి మార్చక తప్పదు.

తూర్పు, పడమరల్లో ఎండ సగం పూటే. మల్లెకు రోజుకు ఆరు గంటలు నేరుగా తగలాలి, అంతకు తగ్గితే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. రెంటిలో ఒకటే దొరికితే పడమర నయం: మల్లెకు వేడి ఇష్టం, సాయంత్రం కాగిన గోడ రాత్రి చలిని కొంత ఆపుతుంది. ఏప్రిల్ నుంచి మాత్రం రెండు పూటలా నీళ్లు పోయాల్సి రావచ్చు. తూర్పు బాల్కనీకి దక్షిణం పక్కన అడ్డుగోడ ఉంటే చలికాలంలో ఆ సగం పూట ఎండ కూడా తగ్గిపోతుంది.

ఉత్తరం సంగతి వదిలేయండి. చలికాలమంతా ఒక్క కిరణం పడదు.

చోటు కుదిరాక పని డిసెంబరు మూడోవారంలో. ఆకులు కొద్దిగా వాలేదాకా నీళ్లు ఆపండి. కొమ్మలు ఎండేదాకా ఆగితే కుండీ మొక్క తేరుకోదు. తర్వాత ఆకు దూసి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, 14 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి తడి ఇవ్వాలి. యూరియా వద్దు, ఎండ తక్కువ చోట అది తీగను సాగదీస్తుందంతే.

దక్షిణం బాల్కనీలో చామంతి కూడా పెట్టాలనుకుంటే రాత్రి ఒకసారి చూసుకోండి. వీధి దీపం దాని మీద పడుతుంటే మొగ్గ ఆలస్యమవుతుంది, దానికి పొడవాటి చీకటి కావాలి. మల్లెకు ఆ పట్టింపు లేదు, దీపం వెలుగు పడే మూల దానికి ఇచ్చేయొచ్చు.