సెలవు ముగిశాక బిడ్డకు ఏ పాలు మేలు?

తల్లిపాలు మేలా, డబ్బాపాలు మేలా అని అడిగితే హైదరాబాద్‌లో ఎవరైనా తల్లిపాలే అంటారు. అసలు చిక్కు ప్రసూతి సెలవు ముగిసిన రోజున వస్తుంది. ఉప్పల్‌లో పొద్దున్నే బయలుదేరి మాదాపూర్‌లో పనిచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లి బిడ్డ ఆ మధ్య గంటల్లో ఏం తాగాలి?

ముందు సెలవు లెక్క చూసుకోవాలి. 2017లో అది 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందే 8 వారాలు వాడేస్తే తర్వాత మిగిలేది 18 వారాలే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరోగ్యం సహకరిస్తే సెలవులో ఎక్కువ భాగం కాన్పు తర్వాతకు దాచుకోండి.

ఆఫీసు క్రెష్‌లో, అంటే ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోట, నేరుగా పాలివ్వడం అన్నిటికన్నా మంచిది. బిడ్డ చప్పరించే కొద్దీ పాలు పడతాయి. 50 మంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చు. అయితే ఇల్లు దగ్గరైతేనే ఇది కుదురుతుంది. పసిబిడ్డను రోజూ ఆ ట్రాఫిక్‌లో తిప్పమని నేను చెప్పను.

అందుకే దూరం నుంచి వచ్చే తల్లులకు నా సలహా రొమ్ము నుంచి పిండి దాచిన పాలే. రోగాల నుంచి కాపాడే గుణం వాటిలో చాలావరకు నిలిచే ఉంటుంది. గది వేడి 25 డిగ్రీలు మించకపోతే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ నాలుగు గంటలను నమ్ముకోవద్దు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలివైపు పెట్టాలి. ఇంటికి ఐస్ ప్యాకుల సంచిలో తేవాలి. పైన మీగడ తేలితే విరిగిపోయాయని కొన్ని ఇళ్లలో పారబోస్తారు. ఎంత కష్టపడి తీసిన పాలవి! మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడ మరిగి బిడ్డ నోరు కాలుతుంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబరచాలి. సీసా అలవాటైన కొందరు పిల్లలు తిరిగి రొమ్ము పట్టరు. మన ఉగ్గుగిన్నె ఉండగా సీసా ఎందుకు?

పాలు పిండుకోవడానికి మరుగుదొడ్డిలోకి వెళ్లమనడం మాత్రం తల్లిని అవమానించడమే. గడియ పడే గది, ఒక కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నీళ్లు: ఇంతకన్నా ఆమె అడిగేదేమీ లేదు. మొహమాటపడకుండా అడగండి.

డబ్బాపాలతో బిడ్డ ఎదుగుతుంది, కానీ తల్లి ఇచ్చే రోగనిరోధక శక్తి అందులో ఉండదు. వైద్యులు అవసరమన్నప్పుడు ఇవ్వడంలో తప్పు లేదు, ఆ తల్లిని ఎవరూ నిందించకూడదు. ఆ పొడి పూర్తిగా క్రిమిరహితం కాదు కనుక కనీసం 70 డిగ్రీల వేడినీటిలో కలిపి, చల్లార్చి పట్టాలి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచన చేస్తే బిడ్డ చిక్కిపోతుంది. ఏడాది నిండకముందు ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులు కావు.

పాలివ్వడం తల్లికీ రక్ష. 30 దేశాల అధ్యయనాలను కలిపి 2002లో వెలువరించిన విశ్లేషణలో, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గిందని తేలింది. ఉద్యోగంలో చేరినా రాత్రి పాలు మానవద్దు; పాలు ఊరించే హార్మోను అప్పుడే ఎక్కువ.

మీ బిడ్డకు చాలినంత పోగా పాలు మిగులుతుంటే నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి తల్లిపాల బ్యాంకును అడగండి. దానంగా వచ్చిన పాలను శుద్ధిచేసి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇస్తారు.