ఆఫీసు పని మీద చెన్నై: ఎకానమీ సీటు, మెట్రో కార్డు, మిగిలిన సాయంత్రాలు

హైదరాబాద్ నుంచి చెన్నైకి విమానం గాల్లో ఉండేది గంట పైచిలుకు. ఆ కాసేపటికి ముందు వరుస సీటుకీ, విమానంలో సాండ్‌విచ్‌కీ డబ్బు పెట్టడం దండగ. అదే డబ్బు బసకి కలిపి మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో గది తీసుకుంటే రెండు సాయంత్రాలు చేతికొస్తాయి. చెన్నై ప్రయాణంలో బేరం ఆడాల్సింది ఇక్కడే.

ముందు ఏ వేళ వెళ్లాలో తేల్చుకోండి. పొద్దున ఆరింటి ఫ్లైటు చవగ్గా కనిపిస్తుంది. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లు మూడింటికల్లా క్యాబ్ ఎక్కాలి. అంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. పదకొండింటి మీటింగులో ఆవలింతలు దాచుకోవడంతోనే సరిపోతుంది. ముందురోజు సాయంత్రం దిగితే ఒక రాత్రి గది ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ తెల్లవారుజామున క్యాబ్ ఛార్జీ, ఎయిర్‌పోర్టులో టిఫిను ఖర్చు అందులోంచి తీసేసి చూపిస్తే అకౌంట్స్ వాళ్లు పెద్దగా గొణగరు.

కిటికీ సీటు కావాలంటే పొద్దున పోయేటప్పుడు ఎఫ్, సాయంత్రం వచ్చేటప్పుడు కూడా ఎఫ్ తీసుకోండి. దక్షిణానికి వెళ్తున్నప్పుడు ఉదయపు ఎండ ఎడమ వైపు, అంటే ఏ సీట్ల వైపు పడుతుంది. ఉత్తరానికి వస్తున్నప్పుడు పడమటి ఎండా అటే. ఎగ్జిట్ వరుసలో కాళ్లు చాపుకోవచ్చు కానీ టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో బ్యాగు కాళ్ల దగ్గర ఉంచనివ్వరు. ఆ వరుసకి ముందున్న సీట్లు సాధారణంగా వెనక్కి వాలవు.

బెజవాడ నుంచి వెళ్లేవాళ్లకి తగిలేది తరచూ ఏటీఆర్. అటు రెండు, ఇటు రెండు సీట్లుండే రెక్కల పంకాల విమానం. ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది కాబట్టి ముందు దిగేది వెనక కూర్చున్నవాళ్లే. ఇది తెలియక ముందు వరుసకి అదనంగా కట్టేవాళ్లు ఎందరో. పంకాల హోరు కూడా ముందు సగంలోనే ఎక్కువ. తల మీది అరలు చిన్నవి కాబట్టి చక్రాల పెట్టెని మెట్ల దగ్గరే ట్యాగు కట్టి కింద సరుకులో వేసేస్తారు. అప్పుడు జ్ఞాపకం ఉంచుకుని ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ బయటికి తీయాలి, లిథియం బ్యాటరీలు సరుకులో వెళ్లకూడదు. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే సుమారు 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 27,000 అయితే పరిమితి అంచుకి వచ్చినట్టే. మీద అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకుని సెక్యూరిటీలో పక్కన పెట్టేస్తే వాదించి లాభం లేదు.

క్యాబిన్ బ్యాగు 7 కిలోలు, కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. చక్రాల పెట్టె ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది, అంటే బట్టలకి మిగిలేది నాలుగు. రెండు రోజుల పనికి భుజాన వేసుకునే మెత్తటి సంచే మేలు. అడుగున ఒక మడత సంచి పెట్టుకోండి, తిరుగు ప్రయాణంలో చీరలూ కాఫీ పొడీ దాంట్లో వేసి చెక్-ఇన్ చేయొచ్చు. టికెట్‌లో 15 కిలోలు ఉన్నాయో లేదో మాత్రం బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి. కొన్ని చవక ఫేర్లలో చెక్-ఇన్ బ్యాగే ఉండదు, కౌంటర్ దగ్గర కిలోకింత అని కడితే మిగిలిందంతా అక్కడే పోతుంది. చెన్నైలో ఉండే చుట్టాలకి ఆవకాయ సీసా తీసుకెళ్లేవాళ్లు దాన్ని చేతి సంచిలో పెట్టొద్దు. నూనె, కారం ఉన్న సీసా స్కానర్ దగ్గర ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

బిల్లుల సంగతి. ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం. కంపెనీ జీఎస్టీ నంబరు బుకింగ్ సమయంలోనే వేయాలి, ప్రయాణం అయ్యాక మార్పించుకోవడం తలనొప్పి. హోటల్ బిల్లుది వేరే కథ. గది ఉన్నది తమిళనాడులో కాబట్టి పడేది ఆ రాష్ట్రపు పన్నే. కంపెనీకి అక్కడ రిజిస్ట్రేషన్ లేకపోతే అది తిరిగి రాదు, నంబరు ఇచ్చినా ఇవ్వకపోయినా. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి ₹7,500 వరకు ఉన్న గదికి 5 శాతం, దాటితే 18 శాతం. ₹7,400 గదికీ ₹7,700 గదికీ కట్టేదాంట్లో తేడా ₹300తో ఆగదు, పన్నుతో కలిపి ₹1,300 దాటుతుంది.

చెన్నైలో దిగాక క్యాబ్ కోసం అరైవల్స్ గుమ్మం దగ్గర నిలబడితే లాభం లేదు. యాప్ క్యాబులు ఎక్కాల్సింది ఎదురుగా ఉన్న బహుళ అంతస్తుల పార్కింగ్ భవనంలో. సామాను ఉన్నవాళ్లకి ఆ నడకే చిరాకు. మెట్రో మాత్రం టెర్మినల్‌నుంచే, పైన కప్పున్న వంతెన మీదుగా వెళ్లిపోవచ్చు. విమానాశ్రయం నుంచి మూడో స్టేషన్ ఆలందూరు, నాలుగోది గిండీ, పదమూడోది సెంట్రల్. ఎంత దూరం వెళ్లినా టికెట్ ₹50 దాటదు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా నడుస్తుంది కాబట్టి రాత్రి పదిన్నర తర్వాత దిగే ఫ్లైటు తీసుకున్నారంటే మెట్రోని మర్చిపోవచ్చు. ఇంకా చవగ్గా కావాలంటే రోడ్డు అవతల తిరుసూలం లోకల్ స్టేషన్ ఉంది, టీ నగర్ పక్కనున్న మాంబళం వెళ్లేవాళ్లకి అదే దగ్గరి దారి. ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య మాత్రం పెట్టెతో ఆ రైలు జోలికి పోవద్దు.

బస ఎక్కడన్నది పని ఎక్కడుందో దాన్నిబట్టి. గిండీ, అంబత్తూరు వైపు పని అయితే గిండీ, ఆలందూరు దగ్గర ఉండాలి. మహీంద్రా వరల్డ్ సిటీకి లోకల్ రైలు ఉంది, పరనూరులో దిగాలి. శ్రీపెరంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలకి కంపెనీ కారు తప్ప దారి లేదు. చిక్కల్లా ఓల్డ్ మహాబలిపురం రోడ్డుతోనే. షోలింగనల్లూరు, సిరుసేరి దాకా ఐటీ కంపెనీలన్నీ అక్కడే, మెట్రో రెండో దశ పనులూ అక్కడే. ఎయిర్‌పోర్టు నుంచి పల్లావరం–తురైపాక్కం రేడియల్ రోడ్డు మీదుగా వెళ్లినా సాయంత్రం వేళ గంట ఎక్కువ చెప్పుకోవాలి. అక్కడ రెండు రోజుల పని ఉంటే బసా అక్కడే పెట్టి, ఊరు చూడటాన్ని చివరి పూటకి ఉంచుకోవడం తెలివైన పని. ఆ వైపు హోటళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది. తలస్నానానికి ఒక మగ్గు తాగే నీళ్లు పక్కన పెట్టుకుంటే గట్టెక్కొచ్చు.

బస ఎక్కడైనా పర్వాలేదనుకుంటే ఎగ్మూరు, థౌజండ్ లైట్స్, తేనాంపేట మూడూ మెట్రో మీదున్నాయి. ఎయిర్‌పోర్టు పక్క లాడ్జిలు చవకే గానీ సాయంత్రం అక్కడినుంచి ఊళ్లోకి వెళ్లాలంటే బద్ధకం వేస్తుంది, చివరికి గదిలోనే టీవీ చూస్తారు. గది తీసుకునేటప్పుడు చెకౌట్ ఇరవైనాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా అని అడగండి. ఎగ్మూరు లాడ్జిల్లో మొదటి పద్ధతి ఇంకా ఉంది, సాయంత్రం దిగినవాళ్లకి అది లాభం. బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు వద్దు. చెన్నైలో ఉండి హోటల్ బఫేలో చల్లారిన ఇడ్లీ తినడం కంటే పాపం లేదు.

ఎందుకంటే పొద్దుటి టిఫిను ఈ ఊరికి పెట్టిన పేరు. ట్రిప్లికేన్‌లో రత్నా కెఫేలో ఇడ్లీ అడిగితే సాంబారు గిన్నెలో రాదు, జగ్గుతో ప్లేటు మీదే ముంచెత్తుతారు. ఇడ్లీ తేలేదాకా పోసి, సగం పీల్చుకున్నాక మళ్లీ వచ్చి పోస్తారు. మన సాంబారు అలవాటున్నవాళ్లకి కొంచెం తీపిగా అనిపిస్తుంది, రెండో ఇడ్లీకల్లా అలవాటవుతుంది. మైలాపూరులో రాయర్స్ మెస్‌కి వెళ్తే సందులో నిలబడి వంతు కోసం చూడాలి, తొమ్మిదిన్నరకి మీటింగు ఉన్న రోజు పెట్టుకోవద్దు. మధ్యాహ్నం మీల్స్‌లో పప్పు చిటికెడు నెయ్యితో మొదట ఒక్కసారే వస్తుంది. మనలా పప్పన్నంతో సగం కడుపు నింపుకుందామంటే కుదరదు. అసలు భోజనం సాంబారు, వత్తకుళంబు, రసం. వత్తకుళంబు అడిగి మరీ వేయించుకోండి, చింతపండు పులుసు చిక్కగా మరిగి మన ఉలవచారుకి దూరపు చుట్టంలా ఉంటుంది.

ఒక పూట ఖాళీ దొరికితే, అది శుక్రవారం కాకపోతే, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లండి. మెట్రోలో సెంట్రల్ దగ్గర మారితే తర్వాతి స్టేషనే ఎగ్మూరు, అక్కడినుంచి పాంథియన్ రోడ్డుకి ఆటో. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదు వరకు. జనం నటరాజ కంచు విగ్రహాల కోసం వెళ్తారు, వెళ్లాల్సిందే. కానీ తెలుగువాళ్లు ముందు అడగాల్సింది అమరావతి గ్యాలరీ. గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన స్తూపపు పలకలు మద్రాసు చేరాయి. కొన్ని ఆ తర్వాత లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడ ఉన్నవాటిలో నాలాగిరి, అంటే బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు, ఉన్న గుండ్రటి పలకని వెతకండి. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క వీధిలో మనుషుల్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి. పైన కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ల మొహాలు కూడా చెక్కారు. దానికే పది నిమిషాలు పడుతుంది. అమరావతిలో ఇవాళ కనిపించేది దిబ్బ, దాని మీది శిల్పంలో పెద్ద భాగం ఉన్నది ఈ ఊళ్లోనే.

సాయంత్రం మైలాపూరుకి పెట్టుకుంటే కపాలీశ్వర గుడి నాలుగు దాటాకే తెరుస్తారు, మధ్యాహ్నం వెళ్లి తలుపులు చూసి రావద్దు. గుడి చుట్టూ మాడ వీధులు నడవడమే సగం సరదా. రాయపేట హై రోడ్డులో పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న కన్నుమూసిన ఇల్లు స్మారక భవనంగా ఉంది. ఆటోవాళ్లకి పేరు చెబితే తెలియకపోవచ్చు, మ్యాప్‌లో పెట్టుకోండి. ఆటో మీటరు రేటు 2013లో నిర్ణయించినది, మొదటి 1.8 కిలోమీటర్లకి ₹25. ఆ రేటుకి ఎవరూ రారు, రమ్మనడమూ న్యాయం కాదు. యాప్‌లో ధర చూసుకుని ఎక్కితే గొడవ ఉండదు.

రెండో సాయంత్రం టీ నగర్. మాంబళం స్టేషన్ నుంచి ఆకాశ వంతెన బస్టాండ్ దాకా ఉంది, రంగనాథన్ వీధి తోపులాట తప్పుతుంది. మధ్యలో ఉన్న పానగల్ పార్కు పేరు మన కాళహస్తి వైపు జమీందారు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసిన పానగంటి రామరాయనింగారిది. పట్టుచీరల కొట్లు దాని చుట్టూనే. అక్కడ తెలుగులో అడిగితే తెలుగులోనే బేరం సాగుతుంది. పాండీ బజార్‌లో వెడల్పాటి నడకదారి వేశారు, కొనకపోయినా తిరగొచ్చు. బీచికి వెళ్తే సుండల్ (మన గుగ్గిళ్లే) తినండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు. మెరీనాలో అడుగున లాగేసే ప్రవాహాలు ఉంటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుగు టికెట్ మార్చుకోగలిగే ఫేర్‌లో తీసుకోండి. చెన్నై రెండో రన్‌వే అడయారు నది మీద కట్టిన వంతెన పైగా వెళ్తుంది. నది పొంగితే ఎయిర్‌పోర్టు మునగడం 2015లో చూశాం. 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకీ రన్‌వే మూతపడింది. ఆరు గంటలు దాటి ఆలస్యమైతే వేరే ఫ్లైటు గానీ పూర్తి డబ్బు గానీ అడిగే హక్కు ఉంది. రెండు గంటలు దాటితే ఇలాంటి చిన్న దూరాలకి టిఫిను, నీళ్లు ఇవ్వాలి. వాతావరణం వల్ల అయితే పరిహారం రాదు, రీఫండ్ వస్తుంది. ఈ తేడా తెలియక కౌంటర్ దగ్గర అరిచేవాళ్లకి ఉన్న ఖాళీ సీటు కూడా దొరకదు.

సాయంత్రం ఫ్లైటుకి గిండీ కత్తిపారా మీదుగా కారులో బయలుదేరొద్దు, మెట్రో ఎక్కండి. డొమెస్టిక్‌కి ఒకటో టెర్మినలా నాలుగోదా అన్నది టికెట్ మీద చూసుకోవాలి. అంతకుముందే కాఫీ పొడి కొనేసుకోవాలి. గింజలు వేయించి కళ్లెదుటే పొడి కొట్టే కొట్లు మైలాపూరు, టీ నగర్‌లో ఉంటాయి. ఎనభై ఇరవై అనండి, కాఫీ ఎనభై, చికోరీ ఇరవై. ఫిల్టర్‌కి అని చెప్పండి, పొడి మరీ మెత్తగా కొట్టి ఇస్తే డికాషన్ దిగదు. మరలోంచి వేడిగా వచ్చిన పొడిని అలాగే మూట కట్టించకుండా పది నిమిషాలు ఆరనివ్వమని చెప్పి, రెండు కవర్లలో కట్టించండి. లేకపోతే బ్యాగులో ఉన్న చొక్కాలన్నిటికీ వారం దాకా ఆ వాసనే.